నలభై ఒకటో వరస

పాత ల్యాప్‌టాప్ మూత కీలు ఊడి
పది రోజులుగా గోడకి చేరగిలబడి పనిచేస్తోంది.
కొత్తది బల్లమీద, ఏమీ తెలియక,
నా పేరు అడుగుతోంది.
కామాక్షి అని కొట్టాను.
నాకో ఇల్లు కట్టేసింది, ఖాళీది.

డండీలో మూడో అంతస్తు. కిటికీ అవతల టే నది ఉండాలి,
పొగమంచు దాన్నెక్కడ పెట్టిందో.
వంతెన మీద రైలు మాత్రం వినిపిస్తోంది.
బాయిలర్ బాగుచేసేవాడు పదికీ రెండుకీ మధ్య వస్తానన్నాడు.

ముందు జాబితా.
నేను అడిగి తెచ్చుకున్న ప్యాకేజీలు నూట పద్నాలుగు.
వాటి చెయ్యి పట్టుకుని వచ్చినవి పద్దెనిమిది వందల చిల్లర.
పెళ్ళికి పిలిచింది ఒకర్ని, బస్సు దిగింది ఊరంతా.
ఫొటోల అంచులు కత్తిరించే ఒక్క పనికి ముప్ఫై లైబ్రరీలు;
అందులో ఒకటి నేనెన్నడూ వినని భాషకి
అక్షరాలు కుడి నుంచి ఎడమకి నడిపిస్తుంది.

తర్వాత చుక్క ఫైళ్ళు.
పేరు ముందు ఒక్క చుక్క పెడితే
మామూలుగా చూసేవాళ్ళ కంట పడదు.
చంటిపిల్ల బుగ్గన కాటుక పెట్టేదీ ఇంచుమించు ఇందుకే,
అక్కడ చూపు తగలకుండా, ఇక్కడ చూపే పడకుండా.
ఇల్లు నాదిలా ఉండేది వీటివల్లే,
ఎల్ ఎస్ కొడితే ఒక్కటీ పలకదు.

ఒకదాంట్లో నా రాతే:
"ఈ వరస తీయకు. ఎందుకో తెలీదు. తీస్తే చప్పుడు రాదు."
ఇంకోదాంట్లో, ఒక మార్చి రాత్రి,
ఆకుపచ్చని కాస్త తక్కువ ఆకుపచ్చ చేశాను.
మూడు గంటలు పట్టిందని గిట్ చిట్టా చెబుతోంది.
ఆ రాత్రి ఏ పని తప్పించుకోవడానికో అది రాసుకోలేదు.

ఎడిటర్ ఫైలు నాది కాదు. ఏలీది.
ఆర్కైవ్స్‌లో నా పక్క కుర్చీ.
పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఉతికే తెచ్చాను, వేసుకో" అంది.
ఆమె పేరు రాస్తే ఆరు ఇంగ్లీషు అక్షరాలు,
చివరి రెండూ నోరెత్తవు.
ఎడమచేతి వాటం మనిషి. దాచే మీట, వెనక్కి వెళ్ళే మీట,
అన్నీ ఎడమ చిటికెనవేలికి ఒప్పజెప్పింది.
నాది కుడిచెయ్యి. తొమ్మిదేళ్ళుగా
నా ఎడమ చిటికెనవేలు ఏలీ ఉద్యోగం చేస్తోంది.

మేం మాట్లాడుకుని నాలుగేళ్ళు.
ఒకే పోస్టు, నేను చెప్పకుండా పెట్టిన అప్లికేషన్.
అది నాకొచ్చింది. మిగతాది రాయను.

నలభై ఒకటో వరసలో ఒక చిరునామా:
హోమ్, ఏలీ, పదాలు.
స్పెల్లింగ్ తప్పుపట్టకూడదని తను దాచుకున్న మాటల పట్టీ.
నా డిస్కులో అలాంటి ఇల్లు ఎప్పుడూ లేదు.
ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ అది ఆ గుమ్మం దాకా వెళ్ళి,
గుమ్మమే లేదని చూసి,
నాతో ఒక్క మాట అనకుండా
తిరిగొచ్చి పనిలో పడింది.
రోజుకి ఇరవైసార్లు.

సరిచేయడం తేలిక. ఏలీ తీసి కామాక్షి అనాలి.
కర్సర్ ఆ పేరు మీదే పెట్టాను.
కొట్టుకుంటోంది.

ఈలోగా పాతదాని తెరమీద ఒక ప్రశ్న:
ఇరవై మూడు ప్యాకేజీలు ఇప్పుడెవరికీ అక్కర్లేదు,
తీసేయనా?
అవును పెద్దక్షరం, కాదు చిన్నక్షరం.
ఏమీ అనకుండా ఎంటర్ నొక్కితే అవునన్నట్టే.
చిన్నక్షరం వెతికి నొక్కాను.

పన్నెండూ నలభైకి బెల్.
కాలమ్ అనే కుర్రాడు తడి బూట్లు గుమ్మంలోనే విప్పి,
బాయిలర్ మూత తీసి,
లోపల ఎవరో పెన్సిల్‌తో వేసిపోయిన అంకెలు చదివి
"వీటిని తుడవకండి" అన్నాడు.
నూట పది పౌన్లు.

వాడు వెళ్ళాక
నా ఖాళీ ఇంటి పక్కన ఇంకో ఇల్లు కట్టాను.
లోపల పదాలు అని ఒక ఫైలు, సున్నా బైట్లు.
ఎడిటర్ తెరిచాను.
ఈసారి వెళ్ళింది కాస్త ఆలస్యంగా వచ్చిందనిపించింది.
అనిపించడమే. కొలిస్తే తేడా లేదు.