నలభై మీటర్ల అవతల

"కారు మలుపు దగ్గరే ఆపు" అన్నాడు వాంబోలా మొదటిరోజు,
పార్సిల్ కంటే ముందు నా బెల్టు వైపు చూస్తూ.
బకిల్ తీయించాడు, తాళాలు తీయించాడు,
జడలోని పిన్నులు కూడా లెక్కపెట్టి
రాతిగోడ మీద పెట్టించాడు.
ఈ సారెమా దీవిలో పదకొండేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నాను.
ఇనుము వదిలేసి రమ్మన్న ఇల్లు ఇదొక్కటే.

ఆ పార్సిల్లో రాగితీగ, నాలుగు కిలోలు.
మరో వారం టాలిన్ నుంచి అరచేతంత డబ్బా, ఇటుకంత బరువు:
కూల్చేసిన సెల్‌టవర్‌లోంచి ఎవరో ఊడదీసి అమ్మిన
రుబీడియం గడియారం.
ముళ్లుండవు. అంకెలుండవు.
ఎర్రదీపం వెలిగి, ఐదు నిమిషాలు వేడెక్కి, పచ్చగా మారుతుంది.
"మూడువేల ఏళ్లకి ఒక్క సెకను తప్పుతుంది" అన్నాడు,
ఆ సెకను తనే బాకీ ఉన్నట్టు.
వంటింటి గోడ గడియారం మాత్రం
ఎండాకాలం నుంచీ నాలుగుంపావు దగ్గరే ఉంది.

జూనిపర్ పొదల నడుమ బల్ల. మేకుల్లేవు, కొయ్యసీలలే.
దాని మీద కవలల్లాంటి రెండు చుట్టలు,
ఒకటి కుడికి చుట్టింది, ఒకటి ఎడమకి.
ఒకదాని కడుపులో నీళ్లసీసా. రెండోది ఖాళీ.
ఊళ్లోని కరెంటు గొణుగుడు రెండింట్లోనూ పడి
తనని తనే కొట్టేసుకుంటుంది,
మిగిలేది నీళ్ల మాట.
"మిగలాలి" అని సర్దుకున్నాడు, "నిరుడంతా ఏమీ మిగల్లేదు."
నలభై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
ఇతరుల మాటల మధ్య గరగరలు తుడిచిన మనిషి.

ఆరు సెకన్లు కరెంటు.
రిలే టక్కుమంది.
చెవుల్లో ముందు రేకుల మీద వాన లాంటి రొద,
దాని అడుగున, సన్నగా,
ఈల.
రెండు సెకన్లు ఉందేమో. సన్నగిల్లి, సన్నగిల్లి
ఎక్కడ ఆగిందో చెప్పలేను.

నీళ్లలో కోటానుకోట్ల బొంగరాలట.
పక్కకి లాగిపెట్టి ఒక్కసారి వదిలేస్తే
భూమి చూపించే దిక్కు చుట్టూ ఒరిగి తిరుగుతాయట,
సెకనుకి రెండువేల నూట తొంభైమూడు చుట్లు.
లెక్కపెట్టేది ఆ పచ్చదీపం.

ఆపైన నేను ఖాళీ చేతులతో వెళ్లలేదు.
వానపీపా నీళ్లు, మందులషాపు నీళ్లు,
రేవులో తోడిన సముద్రం.
అన్నీ ఒకే శ్రుతి. ఎంతసేపన్నదే తేడా.
మా అమ్మ బావి నీళ్లు అరసెకనులో చల్లారిపోయాయి.
"ఇనుముంది" అన్నాడు.
సింకులో ఆ ఎర్రమరక నేను సరిగ్గా తోమలేదనే కదా
చిన్నప్పుడు తిన్న తిట్లన్నీ!
సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను.
అమ్మ కాసేపు మాట్లాడలేదు.
"అయినా నువ్వు తోమేదానివి కాదు" అంది.

అక్టోబరులో ఒకరాత్రి ఒంటిగంటకి ఆయన ఫోన్:
"లే. ఉత్తరం వైపు చూడు."
చూశాను. మబ్బు. ఉత్త మబ్బు.
దాని వెనక ఆకాశం రంగులు మారుస్తోందని
సీసాలో నీళ్లకి తెలిసింది.
శ్రుతి జారుతోంది: మూడు, ఏడు, పదకొండు హెర్ట్జ్ కిందకి.
ఒక్కో అంకె చదువుతూ పోయాడు.
ఎన్నో అంకె దగ్గర నిద్రపోయానో,
ఎంతసేపు నా గురక విన్నాడో.

జనవరిలో సీసా గడ్డకట్టింది.
మంచు పాడదు. బొంగరాలు ఒకదాన్నొకటి పట్టుకుని
కదలవట. ఆయన మోకాళ్లూ అంతే ఈ మధ్య.
కొత్త సీసా ఇంట్లోనే నింపి కోటు లోపల పెట్టుకున్నాను,
పొట్టకి ఆనించి.
మలుపు దగ్గర కారాపి, ఎవరూ చెప్పకుండానే
తాళాలూ పిన్నులూ గోడ మీది మంచులో గుచ్చి
నలభై మీటర్లు నడిచాను,
విరబోసుకున్న జుట్టుతో, జారుతున్న ప్యాంటుతో.

కిటికీలోంచి చూస్తున్నాడు.
ఇవాళ ఆయనకి ఉత్తరాలేం లేవు.