ఆరితే చాలు

తార్నాక వంతెన దిగుతుంటే మళ్లీ వెలిగింది
మీటరు మూల, శనగబద్దంత పసుపు.

మొదట సెన్సరన్నారు, నాలుగువేల రెండొందలు.
తర్వాత ఎలుక వైరు కొరికిందన్నారు.
మూడోసారి షోరూం పిల్లాడు
ఏసీ గదిలో కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు
ఏబీఎస్ మాడ్యూలు పోయిందని. ముప్పయ్యెనిమిది వేలు.
కాఫీ సగంలో వదిలేశాను.

రాణీగంజ్‌లో మల్సూర్‌తో అన్నాను:
"ఆ దీపం ఆరితే చాలన్నా."
డాష్‌బోర్డు కింద తల దూర్చి
పావుగంటకి లేచాడు. "ఇగ సతాయించదు సార్."
మూడొందలు.

వారం హాయిగా తిరిగాను.
నిన్న వానలో, మూసారాంబాగ్ మలుపులో
ఆటో అడ్డొచ్చింది. తొక్కాను.
బండి జారింది, జారింది,
దాని వెనక రాసున్న "మళ్లీ కలుద్దాం"
ముక్కుకి తగిలేంత దగ్గర ఆగింది.

ఇవాళ తాళం తిప్పాను.
దీపాలన్నీ ఓసారి వెలిగి ఆరాయి.
అదొక్కటే
వెలగనే లేదు.