చేబదులు

కుజదోషమంటే జడుసుకునే జాతి మాది.
నేను ఏకంగా కుజుడి మీదే
రెండువందల పన్నెండు కాపురాలు పెట్టించాను,
బెంగుళూరు బేగూరు రోడ్డులో
బేకరీ మీది మూడో అంతస్తులో కూచుని.

జీతం తీసుకుని చేసే పనే ఇది:
గాలికి ధర కట్టడం, నీటికి వాటాలు వెయ్యడం,
ఓటు మనిషికా, గడపకా, మూటకా తేల్చడం.
అన్నీ ఒక పట్టికలో గళ్ళు.
ఒక గడి పేరు ఓర్పు.
ఎంత దాహానికి మనిషి గవర్నరు తలుపు తడతాడు?
ఎంతకి విరగ్గొడతాడు?
యతీశ్ నలభై అన్నాడు.
ఇళవరసి డెబ్బై అంది,
చెన్నైలో లారీ వెనక బిందెతో పరిగెత్తి పెరిగిన పిల్ల.
నేను యాభై అయిదు వేసి టీ తాగాను.

నీటి పన్ను మూడింతలు చేసి
రాత్రంతా ఆటని దాని మానాన వదిలేశాం.
పొద్దున చూస్తే
దాహం తొంభై దాటింది, తిరుగుబాటు లేదు.
అందరూ పంపు ముందు వరసలో ఉన్నారు.
గని ఖాళీ, వంటిల్లు ఖాళీ, బడి ఖాళీ.
తలుపు తట్టడానికి పోతే
వరసలో చోటు పోతుంది కదా.
అరవై ఏడో రోజున అక్కడే రాలిపోయారు,
ముందున్నవాడు పడితే
వెనకున్నవాడు ఒక్కడుగు ముందుకి జరిగి.

‘‘బగ్గు,’’ అన్నాడు యతీశ్.

గచ్చు తుడుస్తున్న ఓబుళమ్మ, కదిరి మనిషి,
కర్ర ఆనించి తెర వైపు చూసింది.
‘‘ఇంతమంది ఉండారే,
వీళ్ళకు పక్కింటోళ్ళు లేరా సామీ?’’
ఉన్నారన్నాను. గోడకి గోడ ఆనించే కట్టాను.
‘‘మరి ఒకరి బిందె ఇంకొకరు పట్టరా?
నేనీడ తుడుస్తా ఉంటే
ఆడ నా బిందె ముంతాజు పడతా ఉంటాది.
ఆదివారం ఆయమ్మది నేను పడతా.’’
లెక్క రాసుకుంటారా అని అడిగాను.
ఆమె చూసిన చూపుకి
నా పట్టికలో గడి లేదు.

ఆ రాత్రి కొత్త వరస చేర్చాను: చేబదులు.
వడ్డీ సున్నా. గడువు ఖాళీ. పత్రం లేదు.
అప్పుకీ దీనికీ తేడా ఎలా చెప్పాలో
యంత్రానికి చాలాసేపు అర్థం కాలేదు.
చివరికి ఒక్క షరతు రాశాను:
అడిగేముందు కొంచెం మొహమాటం, ముప్ఫై పాళ్ళు.

అరవై ఏడో రోజు దాటింది. నూరు దాటింది.
బజారులో నాణేలు కదలడం మానేశాయి,
ఖజానా అడుగు కనిపించింది.
నూట ముప్ఫై ఒకటో రోజున
గవర్నరు బంగళాలో నీళ్ళు అయిపోయాయి.
చూపు బాగుంటుందని ఆ బంగళాని నేనే
గుట్ట మీద ఒంటరిగా కట్టాను.
దానికి పక్కిల్లు లేదు.
ఆయన బిందె పట్టుకుని దిగొచ్చి
వరస చివర నిలబడ్డాడు.
ముందున్న ముసలామె వెనక్కి తిరిగి
బిందె ఇలా ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది.
ఆ చెయ్యి నేను రాయలేదు.
బహుశా రాశానేమో, గుర్తులేదు.

పెట్టుబడి పెట్టిన దేశ్‌పాండే గారు ఓపిగ్గా విన్నారు.
‘‘బాగుంది. కానీ గవర్నరంటే ఎవరు?
ఆట కొన్నవాడు.
డబ్బిచ్చి కొన్నవాడి చేత
బిందె మోయిస్తావా నువ్వు?’’

శుక్రవారం ఆ వరస చెరిపేశాను.
నాకూ అద్దె ఉంది.

శనివారం మా అపార్టుమెంటుకి ట్యాంకరు రాలేదు.
కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఎదురు తలుపు మీద పేరు కన్నడంలో ఉంటుంది.
ఆ అక్షరాలు మనవాటికి దాయాదులే,
కూడబలుక్కుంటే తెలిసేది.
రెండేళ్ళుగా కూడబలుక్కోలేదు.

ఖాళీ బకెట్టుతో
బెల్లు మీదికి వేలు తీసుకెళ్ళి
నిలబడ్డాను.

ముప్ఫై.
చాలా తక్కువ వేశాను.