పంటు మీద కటౌట్

పత్రికల వాళ్ళకి పండుగలు
మనకన్నా రెండు నెలలు ముందొస్తాయి.
శ్రావణంలో, నరసాపురం రేవు టికెట్ గదిలో,
రేకుల మీద వాన వాయించేస్తుంటే
నేను దీపావళి రాస్తుంటాను.
కాకరపువ్వొత్తి వెలుగులో
ఆమె చెంప ఎర్రబడాలి.
చిల్లర లెక్కపెడుతూ ఆ ఎరుపు కోసం వెతుకుతాను.

ఫోన్లో ఎడిటర్ గారిది ఎప్పుడూ ఒకటే మాట:
"హీరో ఆరడుగులకి తగ్గకూడదు మేడమ్,
జనం ఎక్కడో చూసిన మొహంలా ఉండాలి."
ఆయ్, అలాగేనండి, అంటాను.

ఇరవై రెండేళ్ళుగా అలాగే.
వెండితెర మీంచి ఒకడి భుజాలు,
ఇంకొకడి నడక,
ఆదివారం టీవీలో మూడోసారి వేసిన బొమ్మలోంచి
తడుస్తూ చొక్కా చేతులు మడిచే తీరు.
కొలతలు కలవకపోయినా కుట్టేసి
పేరు మాత్రం సొంతంగా పెట్టేదాన్ని:
నిశాంత్, ప్రణవ్, ఒకసారి తెగించి ప్రద్యుమ్న.
ఆ పేరున్న మనిషి ఒక్కడూ
ఇంతవరకూ మా పంటు ఎక్కలేదు.

పండుగలూ అరువే.
అట్లతద్ది నాడు చీకటితో లేచిన
ఎదురింటి పిల్లలు ఉయ్యాల ఊగుతుంటే
గోరింటాకు చేతులు తాడు పట్టుకున్న చోటు
చూసి రాసుకుంటాను.
మాఘమాసం, అంతర్వేది తీర్థం,
ఇసకేస్తే రాలని జనంలో
గాజుల కొట్టు ముందు తప్పిపోయిన చెప్పు;
అదెవరు తెచ్చిస్తారన్నది ఒక సీరియల్,
పదకొండు వారాలు నడిచింది.
రాజోలులో శాంతకుమారి వాళ్ళింట
క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి నిచ్చెనెక్కినవాడు
దిగడం మర్చిపోయిన సాయంత్రం మరొకటి.

నిరుడు దీపావళికి ముందురోజు
నాకు పంటు మీద డ్యూటీ.
కొత్త సినిమా మలికిపురంలో పడుతుందని
అభిమాన సంఘం వాళ్ళు కటౌట్ తీసుకెళ్తున్నారు.
ఫ్లెక్సీ వద్దని పట్టుబట్టి
ప్లైవుడ్ మీద రంగులేయించిన ఇరవై అడుగుల మనిషి,
ముక్కలుగా.
కాళ్ళు ట్రాలీ ఆటోలో.
ఛాతీ రొయ్యల ట్రేల మీద అడ్డంగా.
తల మాత్రం విడిగా,
ఏసుపాదం అనే కుర్రాడి ఒళ్ళో.
రంగింకా ఆరలేదట,
కనుబొమ్మ మీద ఈగ వాలబోతే ఊది తోలుతున్నాడు.

నడి గోదారిలో జల్లు అందుకుంది.
పక్కన లేసు మూటతో కూర్చున్న పిల్ల, గంగారత్నం
(నెల్లాళ్ళ అల్లిక అంతా ఆ మూటలోనే ఉంది)
గొడుగు తెరిచింది.
తెరిచి, మూటకేసి చూసి, తలకేసి చూసి,
మూటని చున్నీలో చుట్టేసుకుని
గొడుగు ఆ రంగు మొహానికి పట్టింది.
తను తడిసింది.
వాడూ తడిశాడు.
ఇద్దరి మధ్యా హీరో
చెక్కుచెదరకుండా నవ్వుతూ ఎటో చూస్తున్నాడు.

వాడు థాంక్స్ అనలేదు.
"మీరూ మన సంఘమేనాండీ?" అన్నాడు.
"నాకీ హీరో అంటే అస్సలు పడదు," అంది.

టికెట్లు చింపడం మానేసి నిలబడిపోయాను.
వాడు ఐదడుగుల నాలుగంగుళాలు, మహా అయితే.
చేతులకి టర్పెంటైన్ వాసన.

అప్పటికి దీపావళి సంచిక అచ్చయిపోయింది.
ఉగాదికి మార్చి,
తుపాను జల్లుని మామిడిపూత మీద చినుకు చేసి,
మిగతాది ముట్టుకోకుండా పంపాను.
"ఇందులో హీరో ఎవరండీ?" అని అడిగారు ఎడిటర్ గారు.
అయినా వేసుకున్నారు.
బొమ్మలో ఏసుపాదానికి కోటు తొడిగి,
గోదారి బదులు ఏదో కొండ గీయించారు.

మళ్ళీ శ్రావణం. మళ్ళీ దీపావళి కథ.
అవతలి రేవులో హడావుడిగా దిగిపోతూ
వాళ్ళు మర్చిపోయిన గొడుగు
నా గదిలో మేకుకి వేలాడుతోంది.
ఇద్దరిలో ఎవరొచ్చి అడుగుతారోనని
ఏడాదిగా చూస్తున్నాను,
అడగలేదు.
ఒక ఊచ చివర
ఆరని చెంపకి తగిలి అంటుకున్న ఎరుపు.
గోటితో గీకితే పోతుంది.
గీకలేదు.

"రెండు టికెట్లండీ," అంటున్నారెవరో,
తలెత్తేలోపు
చిల్లర పెట్టి వెళ్ళిపోయారు.