వందకు ఎన్ని

పెనోలాలో హాకింగ్ ఇనుప సామాన్ల కొట్టు వెనకగదిలో
రెండు వారాలకోసారి, గురువారం రాత్రి
నలుగురం, ఆరు సీసాలు, ఒక పద్దుపుస్తకం.

పుస్తకం డెస్‌ది.
మేకులకీ మరలకీ రాసినట్టే వైన్‌కీ రాస్తాడు
తేదీ, తోట, కోసిన ఏడాది.
చివరి గడిలో
బాగుంటే గీత, బిరడా సోకితే సున్నా.
మరమూత సీసాలు ఈ లెక్కలోకి రావు.
వాటికి జబ్బూ లేదు, జాతకమూ లేదంటాడు.

తొమ్మిదేళ్లు. పద్నాలుగు వందల నాలుగు సీసాలు.
నలభై ఒక్క సున్నాలు.
"వందకు మూడైనా లేవు" డెస్.
"ఎనిమిది! మీకు ముక్కులుంటేగా" నెల్లో.
"నాకు ఒక్కటీ తగల్లేదమ్మా ఇంతవరకూ" లోర్నా ఫిట్జ్‌నర్,
డెబ్బై ఎనిమిదేళ్ల నిశ్చింతతో.

నేను ఆ వీధి చివర మందుల షాపులో
మాత్రలు లెక్కపెట్టేవాణ్ణి.
మొదటి రాత్రే ఒకటి పట్టుకున్నాను.
దానికి వాళ్ల దగ్గర ఎన్ని పోలికలో:
తడిసిన అట్టపెట్టె, వానలో తిరిగొచ్చిన కుక్క,
మూసేసిన చర్చి కింద గది.
నేను ఒక్క మాటన్నాను
"ముక్కింది."
బియ్యం డబ్బా మూత తీసి, మొహం తిప్పుకుని
మా ఇంట్లో ఎవరైనా అనే మాట.
ముక్కుకీ దానికీ మధ్య ఒక్క అక్షరమే దూరం.
డెస్‌కి నచ్చింది.
సున్నా పక్కన తన లిపిలో తప్పుగా రాసుకున్నాడు.

ఈతకొలనంత వైన్‌కి ఒక చుక్క చాలట.
కానీ అది వాసన మాత్రమే అయితే బావుండేది.
అది పక్క వాసనల నోరు నొక్కుతుంది.
నల్లద్రాక్ష మాట్లాడదు, పుదీనా మాట్లాడదు,
ఎర్రమట్టి తలుపేసుకుంటుంది.
కొంచెమే సోకిందనుకోండి, ఎవరికీ అనుమానం రాదు.
తోటవాడికి పనితనం లేదంటారు
లేదా, ఇంకా ఘోరం,
నాకే రుచి తెలియదనుకుని
గ్లాసు కింద పెట్టేస్తారు.
ఆ సీసాలు ఏ పద్దులో ఉన్నాయి?

ఒక ఏడాది జలుబుతో, సెలవుతో
రెండు నెలలు నేను వెళ్లలేదు.
పుస్తకం తిరగేస్తే
ఆ రెండు నెలలూ ఒక్క సున్నా లేదు.
పెనోలాలో బిరడాలన్నింటికీ ఆరోగ్యం కుదిరింది.

మొన్న జూలైలో లోర్నా ఒక సీసా తెచ్చింది,
స్వెటర్ చేతిలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు.
ఎనభై ఆరు.
మంచులో వేళ్లు పగిలేలా తను కత్తిరించిన తీగలు.
ఇప్పుడక్కడ తోట లేదు, ట్రాక్టర్ల షెడ్డుంది.
సీసాల్లో ఇదే ఆఖరిది.

బిరడా సగానికి విరిగింది. డెస్ ఓపిగ్గా లాగాడు.
పోస్తుండగానే, గ్లాసు నాదాకా రాకముందే
నాకు తెలిసిపోయింది.

లోర్నా కళ్లు మూసుకుంది.
"ఆ ఏడాది ఎండ కాస్త ఆలస్యం" అంది.
"అదిగో, తెలుస్తోంది."

డెస్ పెన్ను మూత తీశాడు.
ముగ్గురూ నా ముక్కువైపు.

ఈ జబ్బుకి ఒక గుణముంది.
పదేపదే వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది.
గ్లాసులో మొహం పెట్టి
ఒకసారి పీల్చాను. రెండోసారి.
లోతుగా మూడోసారి, నాలుగోసారి,
గదిలో కిరోసినూ కొత్త తాడూ కూడా
నాకు అందకుండా పోయేదాకా.
అప్పుడు తలెత్తి, ప్రమాణం చేయగలిగినంత నిజంగా
"నాకేం తగలడం లేదు" అన్నాను.

డెస్ గీత గీశాడు.

వందకు ఎనిమిదనే నెల్లో
గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని
నావైపు చూడకుండా
"ఇంకాస్త పొయ్యి లోర్నా" అన్నాడు.