ఇరవై మిల్లీగ్రాముల ప్రమాణం

అంబత్తూరు ఎస్టేట్‌లో మా లాబ్ మూడో అంతస్తు,
ఫ్రీజర్ అడుగు అర.
నా చిటికెన వేలంత గోధుమరంగు సీసా.
లోపల తెల్లటి పొడి, గాజుకు అంటుకుని
దాదాపు ఏమీ లేనట్టే ఉంటుంది.
ఆక్సోలినిక్ ఆసిడ్.
ఖరీదు చెబితే మా అమ్మ
"రెండు నెలల వెచ్చాలొస్తాయే ఆ డబ్బుతో" అంది.

ఇది మందే. కానీ ఏ రోగినీ చూడలేదు,
ఏ జ్వరాన్నీ దించలేదు.
పరగడుపున, పడుకోబోయే ముందు అని
దీని మీద ఎవరూ రాయలేదు.
దీని దాయాదులు వీధి చివర మందుల షాపులో
వెండిరేకుల్లో పడుకుని,
చీటీ రాగానే ఎవరి కడుపులోకో దూకుతారు.
ఇది మాత్రం ఊరికే ఉంటుంది.
మిగతావాళ్లే దీనితో పోల్చుకోవాలి.
"మా పెద్దక్క లాగా" అంది ఎళిలరసి.

తూకం గదిలో ఫ్యాన్ ఉండదు, మాట ఉండదు.
కింద లారీ వెనక్కి వచ్చినా
ఐదో దశాంశం వణుకుతుంది.
పది పాయింట్ సున్నా నాలుగు.
మొండిది, నీళ్లలో కరగదు,
చుక్క క్షారం తగిలాకే మెత్తబడుతుంది.
ఫ్లాస్కుకి వెండికాగితం చుట్టాను.
తేదీ, నా పొట్టి సంతకం.

రొయ్యలు గూడూరు అవతలి చెరువుల నుంచి వచ్చాయి,
ఐసులో, తలలు లేకుండా, నంబర్లతో.
పేర్లు మాకు తెలియకూడదు. రూలు.
కానీ ఆ మనిషి గేటు దాకా వచ్చాడు.
తెలుగు తెలిసింది నాకొక్కదానికేనని
వాచ్‌మన్ నన్ను పిలిచాడు.
పెంచలయ్య.
అరికాళ్ల పగుళ్లలో ఎండిన చెరువు.
"అమ్మా, పెంచలకోన సామి మీద ప్రమాణం,
నేను మందెయ్యలా.
మేత బస్తా ఎట్టొచ్చిందో అట్టనే చల్లినా."

ప్రమాణం.
ఆ మాటకి నా చూపు మూడో అంతస్తుకి పోయింది.
మాకూ ఒకటుంది, పైన.
దానికి సామి లేడు, బ్యాచ్ నంబరుంది,
గడువు వచ్చే మార్చి.
అదేమీ చెప్పలేదు.
"ఆఫీసులో అడగండి" అన్నాను,
తమిళంలో అన్నట్టు వినిపించింది నాకే.

రాత్రి మిషన్ ముందు నేనూ, చల్లారిన టీ.
మొదట ప్రమాణాన్ని పంపాను.
ఐదు నిమిషాల నలభై సెకన్లకి గీత లేచింది,
తాటిచెట్టులా, నిటారుగా.
రెండువందల అరవై రెండు విరిగి
రెండువందల నలభై నాలుగు.
పోయింది పద్దెనిమిది,
ఒక్క నీటి అణువు.
విరిగేటప్పుడు అదీ కాస్త తడి వదులుతుంది.

తర్వాత నంబర్లు. ఒకటి నుంచి ఆరు దాకా
గీత పడుకునే ఉంది.
ఏడు.
ఐదు నిమిషాల నలభై. అదే చోట,
తాటిచెట్టు పక్కన తుమ్మమొక్కంత.
మళ్లీ పంపాను.
మళ్లీ తుమ్మమొక్క.

ఏడు ఆయనదేనని నాకెవరూ చెప్పలేదు.
కాకపోవచ్చు.
ఆ బస్తా మూతి కుట్టినవాడెవడో
లోపల ఏం కలిపాడో గీతకి తెలీదు.
ఎంతో చెబుతుంది, ఎవరో చెప్పదు.
ఒకవేళ ఆయనదే అయితే,
ఆయన ప్రమాణం అబద్ధం కాదు,
నాదీ కాదు.
రిపోర్టులో మాత్రం గడి ఒక్కటే.

తెల్లారుజామున సింకు దగ్గర లైటార్పి
యూవీ దీపం పట్టుకున్నాను, ఎందుకో.
ఫ్లాస్కు మెడలో మిగిలిన చుక్క
నీలంగా వెలిగింది,
ఎవరి ఒంట్లోనూ వెలగని నీలం.
మూడుసార్లు కడిగాను. నాలుగోసారీ.

రిజిస్టరు తీశాను.
వాడినది: పది పాయింట్ సున్నా నాలుగు.
మిగిలింది: తొమ్మిదికి పైన, పదికి లోపల.
ఇంకో ప్రమాణానికి
కొంచెం తక్కువ.