చిల్లర బాకీ

లియొపోల్డ్ స్ట్రాస్నర్ మొదట మూట మోశాడు.
సూదులు, రిబ్బన్లు, వెంటపడే కుక్కలు.
తర్వాత నది ఒడ్డున, మెయిన్ స్ట్రీట్‌లో
నాలుగంతస్తులు లేపాడు.

గోడల లోపల ఇత్తడి గొట్టాలు.
కౌంటర్లో డబ్బు డబ్బీలో పెడితే
హుష్షున పైకెళ్ళేది.
మేడమీద కూతురు మినా
చిల్లర లెక్కపెట్టి కిందికి పంపేది.
ఆ నిమిషంసేపు ఊరికే నిలబడలేక
కొన్నవాళ్ళూ అమ్మినవాళ్ళూ
మంచు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు.
సగం ఊరు అలా చుట్టమైపోయింది.

ఊరి బయట మాల్ వచ్చాక
ముందు నాలుగో అంతస్తులో దీపాలార్పారు.
తర్వాత మూడు.
మినా మేనకోడలు అడేలా ఆఖరి బేరం
చెయ్యి విరిగిన షోకేసు బొమ్మ.

గొట్టాలు ఊడదీస్తుంటే
ఓ వంపులో ఇరుక్కున్న డబ్బీ దొరికింది.
పిల్లల ఉన్ని టోపీ ఒకటి, డిసెంబరు 1951,
మిసెస్ డూలిన్‌కి ఇవ్వాల్సింది ముప్ఫై ఏడు సెంట్లు.
ఏడంకెకి నడుమ అడ్డగీత,
అచ్చం మినా అత్త రాతే.

"అప్పుడే ఇంకోసారి ఇచ్చుంటార్లెండి," అన్నాడు పనివాడు.

ఇచ్చే ఉంటారు.
అడేలా తాళాలు బ్యాంకు మనిషి చేతిలో పెట్టి
డబ్బీ కోటు జేబులో వేసుకుంది.
నడుస్తుంటే గలగలమంటోంది.
టెలిఫోన్ డైరెక్టరీలో డూలిన్లు
పదకొండు మంది.